వాడేవాళ్లకు ఎంత తెలిస్తే చాలు?

యంత్రం వాడే మనిషికి దాని లోపలి సంగతులు ఎంతవరకు తెలియాలన్న ప్రశ్న కంప్యూటర్లతో పుట్టలేదు. ధర్మవరం పట్టు మగ్గాల మీదికి జకార్డు పెట్టె ఎక్కిన నాటి నుంచీ అది అక్కడ ఉంది. ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మూడూ ఇప్పుడు శ్రీసత్యసాయి జిల్లాలో, ఒక్క రోజులో చుట్టి రాగలిగినంత దూరంలో ఉన్న ఊళ్లు. ఒకచోట పట్టుచీరల నేత, ఒకచోట కార్ల కర్మాగారం, ఒకచోట పట్టుగూళ్ల సంత. బోరుమోటారు, సెల్‌ఫోన్ మూడింటికీ ఉమ్మడి. ఈ పనుల్లో ఒక్కోదానిలో వాడకందారు నేర్చుకోవలసింది ఒక్కో మోతాదులో ఉంది. ఆ మోతాదు యంత్రం ఎంత క్లిష్టమైనదన్న దాన్ని బట్టి మాత్రం లేదు.

జకార్డును 1804లో ఫ్రాన్సులోని లియోన్ నగరంలో జోసెఫ్ మరీ జకార్డ్ రూపొందించాడు. అంతకుముందు కొంగు మీద, అంచు మీద చిత్రాలు నేయాలంటే నేతగాడి పక్కన మరో మనిషి ఉండి, ఏ దారాలు ఎప్పుడు లేవాలో చూస్తూ తాళ్లు లాగేవాడు. జకార్డు ఆ మనిషి పనిని చిల్లులు పొడిచిన అట్టలకు అప్పగించింది. అట్టలో చిల్లు ఉన్నచోట సూది లోపలికి దూరిపోతుంది, దానికి తగిలించిన కొక్కెం తన స్థానంలోనే నిలుస్తుంది, తొక్కుడు చెక్క తొక్కగానే ఆ కొక్కెం కింద ఉన్న పడుగు దారం పైకి లేస్తుంది. చిల్లు లేనిచోట అట్ట సూదిని వెనక్కి నెడుతుంది, కొక్కెం పక్కకు జరుగుతుంది, దారం కిందే ఉండిపోతుంది. లేచిన దారాలకూ లేవని దారాలకూ మధ్య నుంచి నాడె దూసుకుపోతే ఒక పేక పడినట్టు. ఒక పేకకు ఒక అట్ట. అట్టలన్నీ వరసగా కుట్టి దండలా వేలాడదీస్తారు.

చీర మీద నెమలి దిగేలోపు ఈ జ్ఞానం ఎన్ని చేతులు మారుతుందో చూడాలి. బొమ్మ గీసేవారు వేరు. దాన్ని గళ్ల కాగితం మీదికి ఎక్కించి, ఏ గడిలో దారం లేవాలో గుర్తు పెట్టేవారు కొన్నిచోట్ల మళ్లీ వేరు. ఇప్పుడా పని చాలావరకు కంప్యూటర్ మీద సాగుతోంది. గుర్తుల ప్రకారం అట్టలకు చిల్లులు కొట్టేవారు, జకార్డు పెట్టెను మగ్గానికి బిగించి తాళ్లు కట్టేవారు, కొత్త పడుగును పాత పడుగుకు దారం దారంగా అతికేవారు ఉంటారు. వీళ్లందరి తర్వాత మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని కూర్చునే నేతకారుడు వస్తాడు. గళ్ల కాగితాన్ని అట్టలుగా మార్చే లెక్క అతనికి రాకపోయినా చీర తయారవుతుంది. మొదటి నాలుగు పనుల విషయంలో అతను అచ్చంగా వాడకందారే.

అయితే అతనికి తెలిసి తీరవలసినవి కొన్ని ఉన్నాయి, వాటిలో మినహాయింపు లేదు. ఒక అట్ట చినిగినా, వరస తప్పినా తప్పు ఆ పేక దగ్గరే ఆగదు, అట్టల దండ తిరిగి వచ్చిన ప్రతిసారీ అదే చోట మళ్లీ పడుతుంది. పడుగు దారం తెగితే చూసుకోనంతసేపూ చీర పొడవునా గీత సాగుతుంది. వానాకాలపు చెమ్మకు అట్టలు ఉబ్బితే సూదులు సరిగా దూరవు. నేసిన గుడ్డ మీద కనిపించే దోషాన్ని చూసి అది దారానిదా, కొక్కెందా, అట్టదా అని తేల్చుకోగలగడమే నేతకారుడికి కావలసిన సాంకేతిక విద్య. ఇందులో సిద్ధాంతం తక్కువే, గుర్తు పట్టే చూపు ఎక్కువ. అది లేకపోతే నష్టం అతనిదే, ఎందుకంటే చెడిన చీరకు కూలి కోత పడుతుంది.

ఎలక్ట్రానిక్ జకార్డు వచ్చాక సరిహద్దు కొంచెం జరిగింది. అట్టల దండ పోయింది, డిజైను చిన్న మెమరీలోకి చేరింది, కొక్కేలను విద్యుదయస్కాంతాలు పట్టి వదులుతున్నాయి. డిజైను మార్చడం క్షణాల పని అయింది. అదే సమయంలో, కంటికి కనిపించే తప్పు కనిపించకుండా పోయింది. చినిగిన అట్టను వేలితో తడిమి కనుక్కోవచ్చు, చెడిన సర్క్యూట్ బోర్డు మాత్రం మంచి బోర్డులాగే ఉంటుంది. కరెంటు లేకపోతే ఏమిటన్న ప్రశ్న పాత జకార్డుకు లేనేలేదు. కొత్త దానితో నేసేవారికి బోర్డు లోపలి సంగతి తెలియనక్కర్లేదు గానీ, మెకానిక్ ఎంతసేపట్లో రాగలడో, విడిభాగాలు ఎక్కడ దొరుకుతాయో కొనకముందే తెలియాలి. సాంకేతిక జ్ఞానం అన్నప్పుడు ఈ రెండో రకం తెలివిని ఎవరూ లెక్కలో వేయరు, కానీ మగ్గం ఆగిపోయిన రోజు పనికొచ్చేది అదే.

వాడకందారే లోపలికి దిగవలసి వచ్చిన సందర్భానికి తెలంగాణలో పేరున్న ఉదాహరణ చింతకింది మల్లేశం. పోచంపల్లి తరహా చీరకు రంగులు అద్దకముందు దారాన్ని ఆసు పోయాలి, అంటే మేకుల చుట్టూ వరసగా చుట్టాలి. ఒక చీరకు చేతిని సుమారు 9 వేల సార్లు అటూ ఇటూ తిప్పాలి. తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేక, బడి చదువు మధ్యలోనే ఆగిపోయిన మల్లేశం ఏళ్ల తరబడి ప్రయత్నించి 1999 నాటికి ఆ పనిచేసే యంత్రాన్ని సాధించాడు. దానికి లక్ష్మీ ఆసు యంత్రమని అమ్మ పేరే పెట్టాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఈ కథను పట్టుదలకు పాఠంగా చెప్పడం అలవాటు. అందులో మరో సంగతీ ఉంది. అతను మోటార్లు, ఎలక్ట్రానిక్స్ నేర్చుకున్నది ఆ పనికి అమ్మకంలో ఉన్న యంత్రం ఏదీ లేదు గనుక. చేసిపెట్టే నిపుణుడు ఉంటే ఆ విద్య అతనికి అవసరపడేది కాదు. ఆ యంత్రాన్ని కొనుక్కుని వాడుతున్నవారికి అవసరపడటమూ లేదు.

హిందూపురం వైపు వస్తే యంత్రం స్థానంలో పురుగు ఉంటుంది. పట్టుపురుగుల పెంపకాన్ని సాంకేతిక పరిజ్ఞానం అనడం కొందరికి వింతగా తోచవచ్చు. కానీ జ్ఞానాన్ని పంచుకోవడంలో దానికంటే చక్కటి ఏర్పాటు వెతికినా దొరకదు. 19వ శతాబ్దం మధ్యలో పెబ్రిన్ అనే రోగం ఫ్రాన్సు పట్టు పరిశ్రమను కుప్పకూల్చింది. 1865లో లూయీ పాశ్చర్‌ను ప్రభుత్వం దక్షిణ ఫ్రాన్సుకు పంపింది. రోగం తల్లి నుంచి గుడ్లకు వస్తుందని తేలింది. గుడ్లు పెట్టిన తల్లి చిలుకను నూరి సూక్ష్మదర్శిని కింద చూడాలని, రోగం కనిపిస్తే ఆ గుడ్లను నాశనం చేయాలని పాశ్చర్ పద్ధతి చెబుతుంది. నేటికీ ప్రపంచమంతటా రోగరహిత గుడ్ల ఉత్పత్తికి అదే ఆధారం.

రైతు సూక్ష్మదర్శినిలో చూడడు. గుడ్ల కేంద్రంలో ఆ పని ముగుస్తుంది. పురుగు అయిదు దశల్లో, నాలుగు జ్వరాలు దాటి పెరుగుతుంది. ఇక్కడ జ్వరమంటే తిండి మాని, కదలకుండా ఉండి చర్మం విడిచే సమయం. మొదటి రెండు దశలు మహా సున్నితం. లేత ఆకు, 27, 28 డిగ్రీల వేడి, ఎక్కువ తేమ కావాలి. అందుకే చాలామంది రైతులు ఆ రెండు దశలనూ చాకీ కేంద్రాలకు వదిలేసి, రెండో జ్వరం లేచిన పురుగులనే షెడ్డుకు తెచ్చుకుంటారు. మిగిలిన మూడు దశలు రైతు బాధ్యత. వేడి 25 డిగ్రీల దరిదాపుల్లో ఉండాలి, గాలి ఆడాలి, తడి ఆకు వేయకూడదు, ఊజీ ఈగ రాకుండా వలలు కట్టాలి, పంటకూ పంటకూ మధ్య షెడ్డును బ్లీచింగ్ పౌడరుతో, సున్నంతో శుద్ధి చేయాలి.

ఇవన్నీ నియమాలు. నియమం చెప్పినట్టు చేస్తే చాలు కదా, కారణంతో పనేమిటి? చాలా రోజులు చాలు. పక్క పొలంలో టమాటాకు పురుగుమందు కొట్టి, గాలి మల్బరీ తోట వైపు మళ్లిన రోజు చాలదు. శిక్షణలో చెప్పిన జాబితాలో ఆ పరిస్థితి లేకపోవచ్చు. మల్బరీ ఆకు తినేదీ ఒక పురుగే, టమాటా మీద పురుగును చంపే మందు దీన్నీ చంపుతుంది అన్న ఒక్క ముక్క తెలిసిన రైతు, ఎవరూ చెప్పకుండానే ఆ వైపు ఆకు కోయడం ఆపుతాడు. అలాగే బూజు పట్టిన మూలను పైపైన కడిగి వదిలేయడానికీ, సున్నం చల్లడానికీ తేడా ఏమిటో, రోగం కంటికి కనిపించని జీవుల వల్ల వస్తుందని తెలిసినవారికే అర్థమవుతుంది. నియమంతోపాటు అతి చిన్న కారణం ఒకటి తెలిసి ఉంటే, నియమం చేరని చోట కూడా మనిషి తడబడడు. అంతకుమించి జీవశాస్త్రం తెలియడం రైతుకు సరదా కావచ్చు, పంటకు అవసరం కాదు.

ఇదే రైతు బోరుమోటారు దగ్గర మరో మనిషి. వానలు అతి తక్కువగా పడే ఈ నేల మీద బోరు లేకుండా మల్బరీ లేదు, కూరగాయ లేదు. స్టార్టర్ పెట్టె మీది రెండు మీటర్లను రైతులు చదివే తీరు ఇంజినీర్లను కూడా ఆశ్చర్యపరుస్తుంది. అమ్మీటరు ముల్లు రోజూ నిలిచే చోటు కంటే కిందికి దిగితే బోరులో నీరు తగ్గిందని, మోటారు ఉత్తిగా తిరుగుతోందని అర్థం. ముల్లు పైకి పోతే ఓల్టేజి పడిందో, ఒక ఫేజు పోయిందో, పంపు పట్టేసిందో చూసుకోవాలి. మూడు ఫేజుల్లో ఒకటి పోయినా మోటారు తిరుగుతూనే ఉంటుంది గానీ, మిగిలిన తీగల్లో కరెంటు పెరిగి కాయిల్ కాలిపోతుంది. దీన్ని పుస్తకంలో చదివినవారికంటే రీవైండింగ్ బిల్లు కట్టి నేర్చుకున్నవారే ఎక్కువ.

తెలిసినదానికీ తెలియనిదానికీ మధ్య ప్రమాదకరమైన మెట్టు కూడా ఇక్కడే ఉంది. మోటారు మాటిమాటికీ ఆగిపోతోందని రిలేను ఎక్కువ ఆంపియర్లకు తిప్పి పెట్టుకునేవారుంటారు. రిలే పని మోటారును ఆపడమేనని, ఆపి కాపాడుతోందని తెలియక చేసే పని అది. ఇంకా పెద్ద ముప్పు పొలంగట్టు మీది ట్రాన్స్‌ఫార్మర్. 11 వేల ఓల్టుల కరెంటు అందులోకి వచ్చి, మోటారుకు పనికొచ్చే 400 ఓల్టుల చిల్లరకు దిగుతుంది. ఫ్యూజు పోతే లైన్‌మన్ వచ్చేదాకా పంట ఆగదన్న తొందరలో రైతే 11 వేల ఓల్టుల లైనును తెంపే ఏబీ స్విచ్ దించి ఫ్యూజు వేయడం పల్లెల్లో కొత్త కాదు. ఫ్యూజు ఎలా వేయాలో అతనికి నిజంగానే తెలుసు. హ్యాండిల్ కిందికి దించినా మూడు బ్లేడుల్లో ఒకటి విడవకుండా ఉండిపోవచ్చని తెలియదు, లేదా తెలిసీ పైకి తలెత్తి చూడడు. ఏటా ప్రాణాలు పోతున్నది ఈ సందులోనే. ట్రాన్స్‌ఫార్మర్ విషయంలో రైతుకు కావలసిన జ్ఞానం ఫ్యూజు వేసే నైపుణ్యం కానే కాదు. అది తన చేతి పని కాదని, కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కు ఫోన్ చేసి ఎదురుచూడాలని తెలియడమే. ఎదురుచూసినా సిబ్బంది వేళకు రాకపోతే ఆ జ్ఞానం నిలబడదన్నది వేరే చర్చ, కానీ దాన్ని దాటేసి రైతుకు అవగాహన లేదని ఊరుకోవడం సగం మాటే.

పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కర్మాగారం ఏడాదికి 3 లక్షల కార్ల సామర్థ్యంతో వచ్చింది. 2017 ఏప్రిల్‌లో ఒప్పందం కుదిరింది, 2019 ఆగస్టులో అక్కడ తయారైన సెల్టోస్ మార్కెట్లోకి దిగింది. విజయనగర రాజులు ఒకప్పుడు రాజధానిగా చేసుకున్న ఊరి పక్కన ఇప్పుడు ఇంటర్నెట్‌కు కలిసే కార్లు తయారవుతున్నాయి. వాటిని నడిపేవారికి తెలియవలసింది మాత్రం వందేళ్ల కిందటి డ్రైవరుకు తెలియవలసిన దానిలో చిన్న పాలు. ఆనాడు ఇంజను ముందు హ్యాండిల్ పెట్టి తిప్పాలి. చేయి ఎలా పట్టాలో తెలియకపోతే ఇంజను ఎదురు తన్ని మణికట్టు విరిగేది. 1912లో క్యాడిలాక్ కారుకు విద్యుత్ స్టార్టర్ రావడంతో ఆ విద్య పోయింది. తర్వాత చోక్, కార్బురేటర్, స్పార్క్ సమయం సరిచూసుకోవడం ఒక్కొక్కటే డ్రైవరు చేతిలో నుంచి జారి యంత్రంలోకి చేరాయి. ఎవరూ వాటికోసం బాధపడటం లేదు.

మిగిలినవి ఏమిటంటే, యంత్రం తనంతట తాను చేసేవాటిని అపార్థం చేసుకోకుండా ఉండటానికి కావలసినవి. 2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో కొత్తగా అమ్మే కార్లకు ఏబీఎస్ తప్పనిసరి. గట్టిగా బ్రేకు వేసినప్పుడు చక్రం పూర్తిగా బిగుసుకుపోకుండా అది సెకనుకు ఎన్నోసార్లు పట్టి వదులుతుంది, అప్పుడు పెడల్ పాదం కింద టకటకా అదురుతుంది. ఏదో విరిగిందనుకుని కాలు తీసేస్తే ఉన్న రక్షణా పోతుంది. తొక్కిపట్టి ఉంచి, స్టీరింగు తిప్పి తప్పుకోవాలన్నది ఒక్క వాక్యంలో చెప్పగలిగే జ్ఞానం. ఎయిర్‌బ్యాగ్ సంగతీ అంతే. రెప్పపాటులో విచ్చుకునే ఆ సంచి, సీటు బెల్టు మనిషిని వెనక పట్టి ఉంచుతుందన్న లెక్కతో తయారైంది. బెల్టు లేకుండా ముందుకు దూసుకొచ్చిన మనిషిని, ఒళ్లో కూర్చోబెట్టుకున్న పిల్లను అదే గాయపరచగలదు. డ్యాష్‌బోర్డు మీద ఎర్ర దీపం వెలిగితే పక్కకు ఆపాలి, పసుపు దీపం వెలిగితే త్వరలో చూపించాలి. వేడెక్కిన ఇంజను రేడియేటర్ మూత వెంటనే తీయకూడదు. ఇంజనును నడిపే కంప్యూటర్ ఎలా పనిచేస్తుందో తెలిసినా తెలియకపోయినా ప్రయాణంలో తేడా రాదు.

కారు విషయంలో ఈ తగ్గింపు ఎందుకు సాధ్యమైందంటే, డ్రైవరు చేతి నుంచి జ్ఞానం పోయినప్పుడు దానితోపాటు బాధ్యత కూడా పోయింది. బ్రేకు వ్యవస్థలో తయారీ లోపం ఉంటే కంపెనీ బండ్లను వెనక్కి పిలిపించి బాగుచేయాలి. వారంటీ ఉంటుంది, సర్వీస్ సెంటర్ ఉంటుంది, బీమా ఉంటుంది. పట్టు గుడ్లలో రోగం లేదని పూచీ ఇవ్వవలసింది గుడ్ల కేంద్రం. తెలిసినవారు ఎవరో, జవాబు చెప్పవలసినవారూ వారే.

సెల్‌ఫోన్ దగ్గర ఈ లెక్క తప్పింది. తెర మీద వేలితో తాకితే చాలన్నంత సులువుగా దాన్ని చేశారు. హిందూపురం సంతలో చింతపండు అమ్మేవారు, బెల్లం కొనేవారు క్యూఆర్ కోడ్‌తో లెక్క ముగించుకుంటున్నారు. 2016లో మొదలైన యూపీఐ లోపల రెండు బ్యాంకులు, జాతీయ చెల్లింపుల సంస్థ, ఒక యాప్ కలిసి కొన్ని సెకన్లలో చేసే పని మామూలుది కాదు, దాన్ని తెలుసుకోవలసిన అవసరమూ లేదు. 2025 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మన మిత్ర పేరుతో వాట్సాప్‌లోనే సర్టిఫికెట్లు, బిల్లులు, ఫిర్యాదుల సేవలు మొదలుపెట్టాక కార్యాలయం మెట్లు ఎక్కవలసిన పనులు ఇంకా తగ్గాయి. వాడటానికి తెలియవలసింది దాదాపు సున్నాకు దిగింది. పొరపాటు చేస్తే పోయేది మాత్రం తగ్గలేదు, ఖాతాలో ఉన్నదంతా పోవచ్చు.

అందుకే ఫోన్ విషయంలో కావలసిన కనీస జ్ఞానం, ఫోన్ ఎలా పనిచేస్తుందన్న దానికంటే అధికారం ఎప్పుడు చేతులు మారుతుందన్న దాని గురించి. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు, పోవడానికే కావాలి. ఈ ఒక్కటి మనసుకు పట్టినవారిని, డబ్బు పంపుతున్నాం పిన్ కొట్టండి అని మోసం చేయడం కష్టం. వ్యక్తి మరో వ్యక్తి నుంచి డబ్బు అడిగే కలెక్ట్ రిక్వెస్టులను 2025 అక్టోబరు 1 నుంచి ఆపేశారు. అంటే వాడకందారుకు నేర్పలేకపోయినదాన్ని చివరికి వ్యవస్థలో నుంచే తీసేశారు, ఆలస్యంగానైనా అది సరైన దారి. ఓటీపీ అన్నది ఒకసారికి పనికొచ్చే సంతకం. పీఎం కిసాన్ పేరుతోనో, చలానా పేరుతోనో వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే ఫైలు నొక్కితే, అది మెసేజీలు చదివే అనుమతి అడుగుతుంది. ఇచ్చామంటే ఓటీపీ ఎవరికీ చెప్పకపోయినా చెప్పినట్టే. తెరను పంచుకునే యాప్ పెట్టించడమూ అలాంటిదే. వీడియో కాల్‌లో పోలీసు దుస్తుల్లో కనిపించి డిజిటల్ అరెస్టు అంటే, అలాంటి అరెస్టు చట్టంలో లేదు.

ఇక్కడ చుట్టాల పిల్లలో, దుకాణం కుర్రవాడో సాయం చేయడం సహజం. నేతకారుడు అట్టలు కొట్టే పని మరొకరికి ఇచ్చినట్టు, దరఖాస్తు నింపే పనిని సచివాలయంలో ఉద్యోగికి ఇవ్వవచ్చు, కొత్త ఫోన్‌లో యాప్‌లు పెట్టే పనిని మనవడికి ఇవ్వవచ్చు. పిన్‌ను మాత్రం అలా ఇవ్వడం కుదరదు. కళ్లు సరిగా కనిపించని పెద్దవారు, చదవడం రానివారు ఇవ్వక తప్పని స్థితిలో ఉంటారన్నది వాస్తవమే. వారికి తెరలో అక్షరాలు పెద్దవి చేసే వీలు, తెలుగులో గొంతుతో చదివి వినిపించే వీలు ఫోన్‌లోనే ఉన్నాయి. 2022 మార్చిలో మామూలు కీప్యాడ్ ఫోన్ల కోసం వచ్చిన యూపీఐ 123పే కూడా ఉంది. ఉన్నట్టు తెలిసినవారు తక్కువ. ఖాతాలో ఉన్నదంతా ఫోన్‌కు కలపకుండా, ఖర్చులకు ఒక చిన్న ఖాతాను మాత్రమే కలుపుకోవడం సాంకేతిక జ్ఞానమేమీ అక్కర్లేని జాగ్రత్త.

మోసం జరిగాక చేయవలసినది కూడా ఈ కనీసంలో భాగమే. సైబర్ మోసాల ఫిర్యాదుల నంబరు 1930కు ఫోన్ చేస్తే, డబ్బు ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు మారిపోయేలోపు ఆపే అవకాశం ఉంటుంది. అందుకే గంటలు కాదు, నిమిషాలు లెక్క. బ్యాంకుకూ వెంటనే చెప్పాలి. వాడకందారుకు ఎంత తెలిసి ఉండాలో 2017 జులైలో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఉత్తర్వు ఒక రకంగా గీత గీసింది. తప్పు బ్యాంకుదీ ఖాతాదారుదీ కాకుండా వ్యవస్థలో మరెక్కడో జరిగి, సమాచారం అందిన మూడు పనిదినాల్లో ఖాతాదారు తెలియజేస్తే నష్టం అతనిది కాదు. నాలుగు నుంచి ఏడు పనిదినాల్లోపు చెబితే పరిమితి మేరకు పడుతుంది. పిన్, ఓటీపీ వంటివి తానే పంచుకుంటే, బ్యాంకుకు చెప్పే క్షణం వరకు పోయినదంతా ఖాతాదారు భరించాలి, చెప్పిన తర్వాత పోయింది బ్యాంకు భరించాలి. ఖాతాదారుదే తప్పని నిరూపించే భారం బ్యాంకు మీద ఉంది. మోసపోయి చెప్పిన ఓటీపీనీ, నిర్లక్ష్యంగా చెప్పిన ఓటీపీనీ ఆ ఉత్తర్వు ఒకే గాటన కట్టింది.